లజపతరాయ్ బజారులో పల్లెపాట

ఎఱ్ఱకోట కెదురుగా, చాందినీచౌక్ మొగదల నున్న లజపతరాయ్ మార్కెట్టు నేడు విద్యుత్పరికరముల టోకు బజారుగా ప్రసిద్ధము. కాని 1980 దశకమున ఆ ఇఱుకు సందులలో వ్రజభూమి రసియాలు, హర్యానా రాగిణులు, గఢ్వాలు కొండపాటలు క్యాసెట్లరూపమున గుట్టలుగా పోసి యమ్ముచుండిరి.

అంతకు ముందు ఈ పాటలకు యంత్రగానమున దక్కిన చోటు మిక్కిలి స్వల్పము. 1902లో కలకత్తాలో గ్రామఫోను కంపెనీ పక్షమున గైస్‌బర్గ్ దొర తొలి ధ్వనిముద్రణములు గావించినది మొదలు ఏడు దశాబ్దముల పైచిలుకు కాలము ఈ దేశపు రికార్డుల వ్యాపారము చాలవఱకు ఆ కంపెనీ గుప్పిటనే యుండెను. డమ్‌డమ్ కర్మాగారమున ప్లేటు అచ్చొత్తించుట కగు వ్యయము, ప్రతులు విరివిగా నమ్ముడుపోయిననే గాని గిట్టదు. పైగా 78 వేగపు ప్లేటున నొక్కొక్క వైపున సుమారు మూడు నిమిషములకు మించి పాట పట్టదు. బుఱ్ఱకథను మూడు నిమిషములలో ముగింపుమన్నచో మన కథకు డేమి చేయగలడు? హర్యానా ‘సాంగ్’ నాటకకథలకును, ఆల్హా వీరగాథలకును అదే దురవస్థ.

క్యాసెట్టు వచ్చిన పిదప ఒక్కొక్క ప్రక్క అరగంట కథ సాగెను. ఒక గది, ఒక మాతృక, దానికి నకళ్లు తీయు యంత్రములు కొన్ని యున్న చాలును. నూఱు ప్రతులు తీసి చూచి, అవి చెల్లినచో మఱి నూఱు తీయవచ్చును. అమెరికా సంగీతశాస్త్రజ్ఞుడు పీటర్ మాన్యుయల్ 1993లో వెలువరించిన ‘క్యాసెట్ కల్చర్’ అను గ్రంథమున ఈ చిన్న నిర్మాతల వృత్తాంతమును శ్రద్ధతో పొందుపఱచెను. ఆ ఋణము మనము మఱువరాదు.

అయినను వారి బ్రతుకు నిత్యసంకటమే. పాట చెల్లకున్న నష్టము నిర్మాతది. చెల్లినచో లాభము దొంగనకళ్లవానిది. స్టూడియో బాడుగయు, గాయకునికిచ్చు రొక్కమును లేని నకలుతో అసలు ఎట్లు పోటీపడగలదు? దరియాగంజ్‌లో పండ్లరసముల దుకాణము నడిపిన కుటుంబము నుండి వచ్చిన గుల్షన్ కుమార్ 1983లో స్థాపించిన సూపర్ క్యాసెట్స్, నోయిడా కర్మాగారము నుండి చవుక ధరకు టేపులు వెల్లువెత్తించి, జానపదములను సైతము తానే యమ్మసాగగా చిన్నవారి కున్న కొద్దిపాటి చోటును కుంచించుకొనిపోయెను. తరువాత నూఱు పాటల నొక్క పళ్లెమున నింపిన ఎంపీ3 వచ్చెను.

ఒక పాత దుకాణమున నే నొక రసియా క్యాసెట్టును చేతికి దీసికొని చూచితిని. గోధుమవన్నె టేపు అంచున తెల్లని బూజు. పైకాగితమున కృష్ణుని బొమ్మ చెక్కుచెదరలేదు గాని గాయని పేరున్నచోట తేమకు సిరా కరిగి, ఊరి పేరులో చివరి రెండక్షరములు మాత్రము మిగిలియుండెను. ఆ రెండక్షరములతో ఆమెను వెదకుట ఎట్లు?

అయినను చిన్న సంస్థల సాహసము సర్వథా అంతరింపలేదు. రాజధాని ప్రాంతముననే పనిచేయు అమర్రస్ రికార్డ్స్ వారు జైసల్మేరు చేరువనున్న హమీరా గ్రామమునకు పోయి, కమాయిచా తంత్రీవాద్య విద్వాంసుడు సాకర్ ఖాన్ వాద్యమును ముద్రించి వెలువరించిరి. ఆయన 2013లో కన్నుమూసెను. చిన్న సంస్థ పూనుకొనినందుననే ఆ ముద్రణము మనకు దక్కినది.

పాఠకులారా, మీ యింటి అటకపై పాత హరికథల, బుఱ్ఱకథల క్యాసెట్లున్నచో పారవేయకుడు. తేమ తగులనిచోట దాచి, త్వరలో నకలు తీయించుడు. తీయించునపుడు పాడినవారి పేరును, ఊరును తప్పక వ్రాసియుంచుడు.