మాంచాల ప్రేమము - బాలచంద్రుని పరిణామము

కృష్ణానది పల్నాటి యుత్తరపుటెల్లను ఒరసికొని పాఱి, విజయవాడకడ కొండల నడుమనుండి వెలువడి డెల్టాసీమను జొచ్చుచున్నది. ఆ నీటి వెంటనే పల్నాటి వీరకథయు దిగువసీమకు వచ్చి, అచ్చటివారికిని సొంతకథ యైనది. 12వ శతాబ్ది యుత్తరార్ధమున దాయాదుల నడుమఁ బుట్టి కారెంపూడి రణరంగమున ముగిసిన కలహమే దానికి మూలము. అందలి బాలచంద్రుని శౌర్యమును లోకము కొనియాడును. ఆ శౌర్యమునకు రూపు దిద్దిన ప్రేమముకూడ విచారింపఁదగియున్నది.

శ్రీనాథకృతమని ప్రసిద్ధమై, 1911లో అక్కిరాజు ఉమాకాంతముగారిచేఁ బరిష్కృతమై ప్రకటితమైన పల్నాటి వీరచరిత్రమున బాలచంద్రుని కథ బొంగరపుటాటతో మలుపు తిరుగును. బ్రహ్మనాయని కుమారుఁడగు నీ బాలుఁడు తోడివారితో నాడుచుండఁగా, బొంగరము అన్నమ యను పడుచు కాలికిఁ దగిలెను. తండ్రి రణభూమి నుండఁగా నీ యాటలేమని యామె నిందించెను. అంతవఱకుఁ బోరిమాట యెఱుఁగనివాఁడు తత్‌క్షణమే రణోన్ముఖుఁ డయ్యెను. అయినను ఈ యుత్సాహము అభిమానమునఁ బుట్టినది. ఆటలోని పంతమునకు దీనికి భేదము స్వల్పము.

తల్లి ఐతాంబ వానిని వారింపఁజాలక, భార్యయగు మాంచాలను జూచి పొమ్మనెను. వివాహమైనను ఆతఁ డామెతోఁ గాపురము చేసినవాఁడు కాఁడు. వారకాంతాసక్తుఁడై యుండెననియుఁ గథ చెప్పుచున్నది. కోడలి సౌందర్యము కొడుకునకు సంకెల కాఁగలదని తల్లి తలఁపు. ఆ తలంపు సగము ఫలించెను. మాంచాలను జూచినంతనే బాలచంద్రుఁడు యుద్ధమును మఱచెను. కాని మాంచాల మఱవలేదు. మగని కర్తవ్యమును దలపించి, కత్తి చేతికిచ్చి సాగనంపెను. ఆమె యెదుటికి వచ్చినవాఁడు పంతము పట్టిన బాలుఁడు. వెడలినవాఁడు తన మరణము నెఱిఁగిన పురుషుఁడు.

ఈ పరిణామమునకు శబ్దశాస్త్రము చక్కని సాక్ష్య మిచ్చుచున్నది. కామశబ్దము ఇచ్ఛార్థకమగు కమ్‌ధాతువునుండి కలిగినది. ప్రేమశబ్దము ప్రియశబ్దముపై భావార్థమున ఇమనిచ్ ప్రత్యయము రాఁగా, ప్రియకుఁ బ్రాదేశము వచ్చి నిష్పన్నమగును. మొదటిది కోరుట, రెండవది ప్రియమై యుండుట. కోరువాఁడు తన కొఱఁతను దీర్చుకొనఁజూచును. ప్రియుఁడు కాఁదలఁచినవాఁడు ఎదుటివారి మన్ననకుఁ దగినవాఁడు కావలెను. బాలచంద్రుఁడు కామముతో మాంచాల గడప దాఁటి లోనికిఁ బోయెను. ప్రేమముతో వెలికి వచ్చెను.

బాలచంద్రుని అభిమన్యునితోఁ బోల్చుట కలదు. వయస్సునను మరణమునను సామ్యము స్పష్టమే. కాని వ్యాసభారతమున ఉత్తర శోకము అభిమన్యుఁడు గతించిన పిమ్మట స్త్రీపర్వమునఁ గన్పట్టును; ఆతని రణనిశ్చయమున నామెకుఁ బాత్ర లేదు. పల్నాటికథలో ఆ నిశ్చయమే భార్య యెదుట స్థిరపడుచున్నది. ఇట శృంగారము వీరమునకు విరోధి గాక యంగమైనది. మాంచాల ప్రేమమును బలి యిచ్చెనని కొంద ఱనవచ్చును. ఆమె విడిచినది సుఖమునేకాని ప్రేమమును గాదు.

అయినను ఈ పరిణామము నిష్కళంకమైన శుభము కాదు. కథ విషాదాంత మగుటకుఁ గారణము నిదియే. బ్రాహ్మణుఁడగు అనపోతు రణమునఁ జావరాదని బాలచంద్రుఁ డాతని వంచనచే వెనుకకుఁ బంపెను. పరుని ప్రాణమునకై చింతించుట ఆ బాలునకుఁ గ్రొత్త గుణము. కాని యా కరుణయే అనపోతునకు మృత్యు వయ్యెను. ఎడఁబాటు సహింపక యాతఁడు ప్రాణములు విడిచెను. పిమ్మటఁ బెద్దలు సంధికి సమ్మతింపఁగా, దృఢచిత్తుఁడైన బాలచంద్రుఁడు దానిని ద్రోసివైచి పోరునకే దిగెను. ప్రేమము వానికిఁ ధైర్యము నిచ్చెను. వెనుదిరుగు నేర్పు నీయలేదు. మాంచాల యిచ్చిన కత్తి మగని కీర్తిని నిలిపెను, మగనిని నిలుపలేదు.

ఈ కథను వెండితెర కెత్తఁబూనినవారు డెల్టాబిడ్డలే. నందమూరున జన్మించిన గూడవల్లి రామబ్రహ్మముగారు పల్నాటి యుద్ధము చిత్రమునకుఁ బూనుకొని 1946లో గతింపఁగా, ఎల్. వి. ప్రసాదుగారు దానిని బూర్తిచేసిరి. 1947లో విడుదలయైన యా చిత్రమున గుడివాడ ప్రాంతపు రామాపురమువాఁడగు అక్కినేని నాగేశ్వరరావుగారు బాలచంద్రుఁడుగను, ఎస్. వరలక్ష్మిగారు మాంచాలగను నటించిరి.

నేఁటికిని కార్తికమాసమునఁ గారెంపూడిలో నాగులేటి యొడ్డున వీరుల యాయుధములకుఁ బూజలు జరుగుచున్నవి. ఆ కత్తులను జూచువారు వానిని బట్టిన చేతులనే తలఁతురు. వానిలో నొకదాని నందిచ్చిన చేతినికూడఁ దలఁచినఁగాని బాలచంద్రుని కథ పూర్తిగాఁ దెలిసినట్లు కాదు.