జట్టుపనిలో వెలువడు ప్రజ్ఞలు

ఉన్నత పాఠశాలలో ఏ తరగతిని చూచినను ఒక దృశ్యము తరచుగా కనిపించును. ఉపాధ్యాయుడు ప్రశ్న అడుగును. ముందు బల్లలనుండి ఐదారు చేతులు పైకి లేచును. వెనుక బల్లలపై కొందరు తల వంచుకొని, తమ పేరు పిలువకుండిన చాలునని కూర్చుందురు. చేతులెత్తినవారు తెలివిగలవారనియు, తల వంచినవారు మందబుద్ధులనియు తీర్మానించుట చాల సులభము. ఈ తీర్మానము ఎంతవరకు నిజము? దీనికి సమాధానము వెదకిన ప్రయత్నముల చరిత్ర నూరు సంవత్సరములకు పైబడినది.

ఒకే అంకె

1904లో ఫ్రెంచి ప్రభుత్వము ఒక సంఘమును నియమించినది. మామూలు బోధనతో ముందుకు సాగలేని పిల్లలను గుర్తించి, వారికి ప్రత్యేకమైన చదువు ఏర్పాటుచేయుట దాని ఉద్దేశ్యము. ఆ సంఘములో సభ్యుడైన మనస్తత్వశాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ బినే, తన సహచరుడు థియోడోర్ సిమోన్‌తో కలిసి 1905లో 30 పరీక్షలుగల ఒక కొలమానమును తయారుచేసినాడు. చూపిన వస్తువుల పేర్లు చెప్పుట, విన్న అంకెలను తిరిగి చెప్పుట, రెండు బరువులను పోల్చుట మొదలైనవి ఆ పరీక్షలు.

1912లో జర్మనుడైన విలియం స్టెర్న్, పిల్లవాని మానసిక వయస్సును అసలు వయస్సుతో భాగింపవలెనని సూచించినాడు. 1916లో అమెరికాలో లూయిస్ టెర్మన్ ఆ లబ్ధమును 100చే గుణించి వాడుకలోనికి తెచ్చినాడు. అదియే ప్రజ్ఞాలబ్ధి. 10 ఏండ్ల విద్యార్థి మానసిక వయస్సు 8 అయినచో అతని ప్రజ్ఞాలబ్ధి 80 అగును. బినే మాత్రము, బుద్ధి ఎన్నటికిని మారని పరిమాణమను వాదమును 1909లో ప్రకటించిన గ్రంథములో ఖండించినాడు. తగిన అభ్యాసముచే అది పెరుగునని అతని నమ్మకము. అతడు 1911లో మరణించినాడు. తరువాతి కాలమున అతని హెచ్చరికకంటె అంకెకే ఎక్కువ ఆదరణ లభించినది.

త్రాటి ప్రయోగము

ఒక్కొక్క విద్యార్థిని విడిగా తూచుటకు బదులు, నలుగురిని కలిపి పని చేయించినచో అందరి శక్తులు బయటపడునుగదా అని అనిపించవచ్చును. కాని కలిపినంత మాత్రమున అట్లు జరుగదని చూపిన ప్రయోగ మొకటి గలదు. మాక్స్ రింగెల్‌మన్ ఫ్రాన్సు దేశపు వ్యవసాయ యంత్రశాస్త్రజ్ఞుడు. మనుష్యులచే త్రాడు లాగించి, వారు ప్రయోగించిన బలమును కొలిచి, ఫలితములను 1913లో ప్రకటించినాడు. ఒక్కడు లాగునపుడు చూపు బలమును 100 అనుకొన్నచో, ఇద్దరు కలిసి లాగినపుడు ఒక్కొక్కరి వంతు 93కు, ముగ్గురైనచో 85కు, 8 మంది అయినచో 49కి తగ్గినది.

దీనికి రెండు కారణములు. అందరు ఒకే క్షణమున, ఒకే ఊపుతో లాగలేకపోవుట మొదటిది. తక్కినవారు లాగుచున్నారను ధీమాతో ఎవరికివారు కొంత సడలించుట రెండవది. 1974లో ప్రకటితమైన ఒక అమెరికను ప్రయోగములో, కండ్లకు గంతలు కట్టిన వ్యక్తులకు వెనుక మరికొందరు లాగుచున్నారని నమ్మించినారు. నిజమునకు అచ్చట ఎవ్వరును లాగుటలేదు. అయినను వారి బలము తగ్గినది. తరగతి గదిలో నలుగురి జట్టులో ఒక్కడు పని చేసి ముగ్గురు చూచుచుండుటకు మూలము ఇచ్చటనే ఉన్నది.

ఆరు ముక్కల పాఠము

ఈ చిక్కుకు ఒక పరిష్కారము 1971లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమున, ఆస్టిన్ నగరములో లభించినది. అంతవరకు వేరువేరు పాఠశాలలలో చదివిన శ్వేతజాతి, నల్లజాతి, మెక్సికన్ సంతతి పిల్లలు అప్పుడే ఒకే తరగతిలో కూర్చొనసాగినారు. వారిమధ్య అనుమానములు, కొట్లాటలు పెరిగినవి. నగర విద్యాధికారులు టెక్సస్ విశ్వవిద్యాలయ ఆచార్యుడైన ఎలియట్ ఆరన్‌సన్ సహాయము కోరినారు. అతడును, అతని విద్యార్థులును తరగతులలో కూర్చుండి పరిశీలించినారు. వారు చూచినది పైన వర్ణించిన దృశ్యమే. ఒకరిని పిలువగనే తక్కిన చేతులు నిరాశతో దిగును. ఆ ఒకరు తప్పు చెప్పినచో తక్కినవారు సంతోషింతురు. తోటివాని ఓటమియే తమకు అవకాశము.

ఆరన్‌సన్ ఈ అమరికనే మార్చినాడు. ఐదవ తరగతిలో పత్రికాధిపతి జోసెఫ్ పులిట్జరు జీవితచరిత్రను ఆరు భాగములు చేసి, ఆరుగురుగల జట్టులో ఒక్కొక్కరికి ఒక్కొక్క భాగము మాత్రమే ఇచ్చినారు. మొత్తము కథ ఎవ్వరివద్దను లేదు. పరీక్ష మాత్రము మొత్తముపై జరుగును. ఒకే భాగము వచ్చిన వేరువేరు జట్లవారు మొదట ఒకచోట చేరి దానిని చర్చించుకొందురు. తరువాత తమ జట్టునకు తిరిగివచ్చి బోధింతురు. ముక్కలు కలిపి బొమ్మ చేయు ఆటను పోలియుండుటచే దీనికి ‘జిగ్‌సా’ పద్ధతి అని పేరు.

ఒక జట్టులో ఇంగ్లీషు ధారాళముగా రాని మెక్సికన్ సంతతి బాలు డున్నాడు. అతడు తడబడగా తక్కినవారు ఎగతాళి చేసినారు. అతని భాగము తెలియనిదే పరీక్ష వ్రాయలేరని, ఎగతాళి వలన ఆ భాగము తెలియదని పర్యవేక్షకురాలు గుర్తుచేసినది. కొన్ని దినములలో పిల్లలు అతనిని నెమ్మదిగా, తగిన ప్రశ్నలతో అడుగుట నేర్చినారు. అతడు సమాధానము చెప్పుట నేర్చినాడు. అతనికి తెలివి క్రొత్తగా రాలేదు. ఉన్న తెలివిని వినవలసిన అవసరము ఇతరులకు కలిగినది. తరువాతి పరిశీలనలలో అల్పసంఖ్యాక వర్గముల పిల్లల మార్కులు పెరిగినవి. తెల్లవారి మార్కులు ఏమియు తగ్గలేదు.

హోషంగాబాదులో నలుగురి జట్లు

మరుసటి సంవత్సరము, 1972లో, మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాదు జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలలలో ఒక విజ్ఞానబోధన కార్యక్రమము మొదలైనది. నేడు ఆ జిల్లా పేరు నర్మదాపురం. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అను రెండు స్వచ్ఛంద సంస్థలు దీనికి పూనుకొన్నవి. టాటా మౌలిక పరిశోధన సంస్థనుండి, ఢిల్లీ విశ్వవిద్యాలయమునుండి శాస్త్రజ్ఞులు తోడ్పడినారు. పల్లెటూరి పిల్లలు నలుగురేసి జట్లుగా కూడి స్వయముగా ప్రయోగములు చేసినారు. ‘బాల్ వైజ్ఞానిక్’ అను పుస్తకములో ప్రశ్నలు ఉండును గాని జవాబులు ఉండవు. జవాబులు పిల్లలే వ్రాసుకొనవలెను. పరీక్షను కూడ మార్చి, పుస్తకము చూచి వ్రాయుటకు అనుమతించి, ప్రయోగపరీక్షను చేర్చినారు. 1978లో జిల్లాలోని మాధ్యమిక పాఠశాల లన్నిటికి వ్యాపించిన ఈ కార్యక్రమము, 2002లో రాష్ట్ర ప్రభుత్వ నిర్ణయముతో ముగిసినది.

పేరు తరువాత వచ్చినది

ఈ అనుభవములు ముందు పుట్టినవి. వీనిని వివరించుటకు ఉపకరించిన సిద్ధాంతము తరువాత వచ్చినది. 1983లో హార్వర్డు విశ్వవిద్యాలయపు హోవార్డ్ గార్డ్‌నర్, ప్రజ్ఞ ఒకటి కాదని, ఏడు ఉన్నవని ప్రతిపాదించినాడు. భాష, తర్కగణితములు, ఆకారములను ఊహించుట, సంగీతము, దేహచాలనము, ఇతరులను గ్రహించుట, తన్ను తాను గ్రహించుట అనునవి ఆ ఏడు. ప్రకృతిని గుర్తెరుగు ప్రజ్ఞను తరువాత చేర్చినాడు. మెదడునకు గాయమై మాట పోయినను సంగీతము నిలిచిన రోగుల వంటివారి వృత్తాంతములు అతనికి ఆధారములు. 1987లో ఇండియానాపొలిస్ నగరమున ఎనిమిదిమంది ఉపాధ్యాయులు ఈ భావములపై ఒక పాఠశాలనే నెలకొల్పినారు. వేరువేరు వయస్సుల పిల్లలు జట్లుగా చేరి తోటపని, వాస్తునిర్మాణము వంటి విద్యలను అచ్చట అభ్యసించినారు.

ఈ సిద్ధాంతమును శాస్త్రజ్ఞు లందరు అంగీకరింపలేదు. ఒక పరీక్షలో రాణించినవారు ఇతర పరీక్షలలో కూడ కొంత రాణించుట 1904లోనే చార్లెస్ స్పియర్‌మన్ చూపిన విషయము. ప్రజ్ఞలు వేరువేరు అయినచో ఇట్లు ఏల జరుగవలెనని వారి ఆక్షేపణ. ‘వీడు చేతిపనివాడు, ఆమె మాటకారి’ అని పిల్లలకు ముద్ర వేయుట మరియొక ప్రమాదము. తన సిద్ధాంతము నేర్చుకొను శైలులనుగూర్చి కాదని గార్డ్‌నరే 2013లో స్పష్టముగా వ్రాసినాడు.

మన తరగతిలో

లఘులోలకము పాఠమును తీసికొందము. జట్లకు 25, 50, 75, 100 సెంటీమీటర్ల పొడవులు వేరువేరుగా పంచవలెను. ప్రతి జట్టులో ఒకరు దారము కట్టి కొలుతురు, ఒకరు 20 డోలనములు లెక్కింతురు, ఒకరు గడియారము చూతురు, ఒకరు పట్టిక వ్రాయుదురు. 25 సెంటీమీటర్ల జట్టునకు సుమారు 20 సెకనులు, 100 సెంటీమీటర్ల జట్టునకు సుమారు 40 సెకనులు వచ్చును. పొడవు నాలుగు రెట్లయినచో కాలము రెండు రెట్లే అగునను సూత్రము ఏ ఒక్క జట్టు పట్టికలోను కనిపించదు. అన్నిటిని ఒకే గ్రాఫుపై ఎక్కించినపుడే తెలియును.

ఇచ్చట ఒక జాగ్రత్త అవసరము. పనులు ప్రతిసారి చేతులు మారవలెను. లేనిచో దస్తూరి బాగున్నవారు ఎప్పుడును వ్రాయుచునే ఉందురు. మాటరాని విద్యార్థి ఎప్పుడును దారము పట్టుకొనియే ఉండును. చివర ఏ విద్యార్థినైనను పిలిచి మొత్తము ప్రయోగమును వివరింపుమనవలెను. ఎవరిని పిలుతురో ముందు తెలియరాదు. అప్పుడు గడియారము చూచినవాడు పట్టిక వ్రాసినవానిని అడిగి తెలిసికొనును. వెనుక బల్లపై తల వంచుకొన్న పిల్లవాని వద్ద తక్కినవారికి కావలసిన అంకె ఒకటి ఉండును. దానికొరకు వారు అతనివైపు తిరుగుదురు.