గొర్రెల మేతలో మొదలైన క్యాన్సర్ కథ

సోయా తింటే, అవిసె గింజలు తింటే రొమ్ము క్యాన్సర్, ప్రోస్టేట్ క్యాన్సర్ తగ్గిపోతాయని ఫోన్లలో వీడియోలు తెగ తిరుగుతున్నాయి. అందులో నిజమెంతో తెలియాలంటే ఈ మాట ఎక్కడ పుట్టిందో చూడాలి. అది పుట్టింది ఆసుపత్రిలో కాదండీ, గొర్రెల మందలో.

పశ్చిమ ఆస్ట్రేలియాలో కొత్తగా అడవి కొట్టిన నేలల్లో అక్కడి రైతులు సూపర్ ఫాస్ఫేట్ చల్లి క్లోవర్ అనే మేత వేశారు. మన జీలుగ, పిల్లిపెసర లాగే వేళ్ళకు బుడిపెలు కట్టి నేలకు నత్రజని ఇచ్చే మొక్క అది. మేత ఏపుగా వచ్చింది. కానీ 1940ల మొదట్లో గొర్రెలకు చూలు నిలవడం తగ్గిపోయింది. నిలిచినవాటిలో ఎన్నో ఈనలేక చచ్చాయి, కొన్నిటికి గర్భసంచి బయటికి జారింది. విత్తులు కొట్టిన మగ గొర్రెలకు కూడా పాలొచ్చాయంటే చూడండి!

1946లో బెన్నెట్స్, అండర్‌వుడ్, షియర్ అనే ముగ్గురు దీనికి మూలం క్లోవర్ మేతేనని రాశారు. మేతలో ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ లాగా పనిచేసే పదార్థం ఉంది. గొర్రె పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని ఈక్వాల్‌గా మారుస్తాయని తర్వాత తేలింది. ఆ పదార్థం తక్కువుండే క్లోవర్ రకాలు తయారుచేసి ఆ నష్టం తగ్గించుకున్నారు.

ఇక క్యాన్సర్ వైపు చూద్దాం. 1896లో బీట్సన్ అనే స్కాట్లాండ్ డాక్టరు, రొమ్ము క్యాన్సర్ ఉన్నామెకు అండాశయాలు తీసేస్తే గడ్డ తగ్గిందని రాశాడు. 1941లో అమెరికాలో చార్లెస్ హగ్గిన్స్, మగవాళ్ళ వృషణాలు తీసేస్తే ప్రోస్టేట్ క్యాన్సర్ తగ్గుతుందని చూపించాడు. 1966లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అంటే కొన్ని క్యాన్సర్లకు హార్మోనే ఎరువు.

1980లలో ఈ రెండు దారులూ కలిశాయి. సోయా తిన్న మనుషుల మూత్రంలో కూడా అదే ఈక్వాల్ కనిపించింది. జపాన్‌లో సోయా ఎక్కువ తింటారు, అక్కడ ఈ క్యాన్సర్లు తక్కువ. అమెరికా వెళ్ళి స్థిరపడిన జపాన్ వాళ్ళ కుటుంబాల్లో మాత్రం పెరిగాయి. దాంతో సోయా మీద ఆశ పుట్టింది.

ఆ ఆశ వెనక లెక్క ఇది. మన కణాల్లో హార్మోన్‌కు తాళం కప్ప లాంటిది ఉంటుంది. మొక్కలోని పదార్థం అందులో దూరే బలహీనమైన తాళంచెవి. అది అడ్డంగా కూర్చుంటే అసలు చెవి దూరదు, గడ్డ పెరుగుదల నెమ్మదిస్తుంది. కానీ ఒంట్లో అసలు హార్మోన్ తక్కువైతే, ఈ బలహీనమైన చెవే తాళం తీయొచ్చు కూడా. అండాశయాలు తీసేసిన ఎలుకలకు సోయాలోని జెనిస్టీన్ పెడితే రొమ్ము గడ్డలు పెరిగాయి.

మరి మనుషుల్లో ఏమైంది? చైనాలోని షాంఘైలో రొమ్ము క్యాన్సర్‌కు వైద్యం అయిన 5,042 మంది ఆడవాళ్ళను గమనించి 2009లో ఫలితం చెప్పారు. సోయా ఆహారం ఎక్కువ తిన్నవాళ్ళలో జబ్బు తిరగబెట్టడం, చావులు తక్కువ. కానీ వాళ్ళు వైద్యం చేయించుకుని, దానితో పాటు తిన్నవాళ్ళు. అమెరికాలో ప్రోస్టేట్ తీసేసిన మగవాళ్ళకు రెండేళ్ళ పాటు రోజూ 20 గ్రాముల సోయా ప్రొటీన్ పొడి ఇచ్చి చూశారు. జబ్బు తిరగబెట్టడంలో తేడా రాలేదని 2013లో తేల్చేశారు.

కాబట్టి ఆదిలాబాద్, నిజామాబాద్ వైపు సోయా పండించే అన్నలు కూడా వినాలి. సోయా, అవిసె, నువ్వులు మంచి తిండి, హాయిగా తినండి. కానీ తిండి వేరు, మందు వేరు. రొమ్ము క్యాన్సర్‌కు డాక్టర్లిచ్చే టామోక్సిఫెన్ మాత్ర కూడా ఆ తాళం కప్పనే మూస్తుంది, కాకపోతే కొలత ప్రకారం, పరీక్షల్లో నెగ్గి వచ్చింది. డబ్బా పొడిని నమ్ముకుని ఆ మాత్ర మానేస్తే పోయేది ప్రాణం. వైద్యంలో ఉన్నవాళ్ళు అలాంటి పొడులు, గొట్టాలు వాడేముందు డాక్టరును అడగాలి. ఇంట్లో అమ్మకో, చెల్లెలికో రొమ్ములో గడ్డ తగిలితే వీడియోలు వెతక్కండి, ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మేత రకం మారిస్తే మందలో ఆ నష్టం తగ్గింది నిజమే, కానీ క్యాన్సర్ గడ్డ తిండి మార్పుతో ఒక్కటే పోదు.