వనపర్తి హబ్షీలు, వెండితెర నల్ల నాయకులు

పాలమూరు గడ్డ మీదికి ఆఫ్రికా మనుషులు గుర్రాలెక్కి వచ్చారు. వారిని కొలువులో పెట్టుకున్నది వనపర్తి సంస్థానం. నిజాం ఏలుబడిలో గద్వాల, జటప్రోలు, వనపర్తి వంటి సంస్థానాలకు సొంత ఖజానా, సొంత కచేరీ, సొంత సిపాయిలు ఉండేవారు. హైదరాబాదుకు ఏటా పేష్కష్ (కప్పం) కట్టాక మిగిలిన వ్యవహారమంతా రాజావారి చేతుల్లోనే. ఎంత దర్జా గల ఫౌజు ఉంటే సంస్థానానికి అంత పరువు. 19వ శతాబ్దంలో వనపర్తిని ఏలిన రామేశ్వరరావు వంశం ఆ పరువు కోసం అంగరక్షకులుగా, అశ్విక దళంగా ఆఫ్రికా జవాన్లను చేర్చుకుంది. తర్వాత ఆ దళం కానుకగా నిజాం సర్కారుకు చేరింది. ఎక్కడి అబిసీనియా (నేటి ఇథియోపియా), ఎక్కడి వనపర్తి! అక్కడి మనుషులు ఒక రాజు కొలువు నుంచి ఇంకో రాజు కొలువుకు ఏనుగుల్లా, నగల్లా చేతులు మారారన్నది ఆ కానుక మాట వెనక ఉన్న అసలు సంగతి.

నిజాం కొలువులో ఆ దళానికి ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అన్న పేరు స్థిరపడింది. వారి బ్యారక్‌లున్న చోటు హైదరాబాదులో లక్డీకాపూల్‌కు, మాసాబ్ ట్యాంక్‌కు నడుమ ఉంది. ఇంగ్లిషు పేరులోని మొదటి రెండు మాటల తొలి అక్షరాలే మిగిలి అది ఏసీ గార్డ్స్ అయింది. అది ఏ ఎయిర్ కండిషనర్ల గోదామో అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. పాతకాలం వాళ్లు మాత్రం సిద్దీ రిసాలా అంటారు. రిసాలా అంటే గుర్రపు దళం. అబిసీనియాను అరబ్బులు హబష్ అన్నారు గనుక అక్కడివారు హబ్షీలయ్యారు. సిద్దీ అన్నది మరో పేరు. హబ్సిగూడ అన్న పేరు కూడా ఈ హబ్షీల వల్లే వచ్చిందంటారు. అఫ్జల్‌గంజ్ పక్కన సిద్దిఅంబర్ బజారు ఉండనే ఉంది.

దక్కనులో హబ్షీలు వనపర్తికి ఎంతో ముందే పేరు మోశారు. ఇథియోపియాలో పుట్టి, బానిసగా చేతులు మారి, చివరికి అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపిన మాలిక్ అంబర్ 1626లో చనిపోయేదాకా మొగలులకు కొరకరాని కొయ్యగా ఉన్నాడు. అతను ఖడ్కీ పేరుతో నిలబెట్టిన ఊరే తర్వాత ఔరంగాబాద్ అయి, నిజాం రాజ్యంలో కలిసింది. ఒక బానిస పిల్లవాడు రాజ్యానికి దిక్కయిన కథ కన్నా పిల్లలకు చూపదగిన సినిమా కథ ఏముంటుంది? తెలుగు తెర దాని జోలికి పోలేదు.

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం రాజ్యం భారత యూనియన్‌లో కలిసింది. రిసాలా రద్దయింది. గుర్రాలు పోయాయి, కొలువు పోయింది, బస్తీ మిగిలింది. నాలుగైదు తరాల పెళ్లిళ్లతో సిద్దీలు హైదరాబాదీ ముస్లింలలో కలిసిపోయారు. ఇంట్లో మాట ఉర్దూ. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లా సిద్దీలకు 2003లో షెడ్యూల్డ్ తెగ హోదా దక్కింది. తెలంగాణ జాబితాలో వారి పేరు లేదు.

వారు ఇక్కడ వదిలిన గుర్తుల్లో అందరికీ తెలిసింది, ఎవరిదో తెలియనిది, మర్ఫా. హైదరాబాదు బార్కస్‌లో స్థిరపడిన యెమెన్ హద్రమౌత్ అరబ్బులూ, ఏసీ గార్డ్స్ సిద్దీలూ కలిసి పెంచిన వాద్యం ఇది. డఫ్, ఢోలు, బోర్లించిన స్టీలు బిందె, దాని మీద పడే తాపీ అనే చెక్క పలక, ఇంతే సరంజామా. పెళ్లి బరాత్ ముందు పది మంది గుండ్రంగా నిలుచుంటారు. ఢోలు మెల్లగా మొదలుపెడుతుంది. బిందె మీద దెబ్బ చురుగ్గా, గణగణమంటూ దాన్ని దాటిపోతుంది. దరువు తారస్థాయికి చేరాక ఒకరు కర్రో కత్తో తిప్పుతూ నడిమికి దూకుతారు. అందులో మూడు దెబ్బల దరువు తీన్‌మార్. నిజాం దర్బారు వేడుకల్లో మోగిన ఈ వాద్యం గల్లీల్లోకి దిగి, తెలంగాణలో మతంతో పని లేకుండా పెళ్లి ఊరేగింపుల్లో, బోనాల్లో, గణేశ్ నిమజ్జనాల్లో చొరబడింది. పాలమూరు పల్లెలో డప్పు కాచి తీన్‌మార్ వేసేవారిలో ఎందరికి ఆ పేరు మర్ఫా దరువుదని తెలుసు? 2011లో అది పవన్ కల్యాణ్ సినిమాకు పేరు కూడా అయింది. దరువు తెరకెక్కింది గానీ ఆ దరువు వేసిన మనిషి ఎక్కలేదు.

తెలుగు వాణిజ్య చిత్రాల్లో నల్లజాతి మనిషి కనిపిస్తే విలన్ వెనక నిలబడ్డ కండల మనిషిగానో, హాస్య నటుడి పక్కన నవ్వుల వస్తువుగానో కనిపించడమే ఎక్కువ. హిందీ వాళ్లు ఒక అడుగు వేశారు. 1983లో కమాల్ అమ్రోహీ తీసిన రజియా సుల్తాన్‌లో రజియా ప్రేమించిన యాకూత్ హబ్షీయే. కానీ ఆ పాత్ర ధర్మేంద్రది, ముఖానికి రంగు పూసుకుని వేశాడు.

అమెరికాలో ఇంటిల్లిపాదీ చూసే నల్లజాతి కథలకు 1972లో వచ్చిన సౌండర్ మంచి ఉదాహరణ. లూసియానాలో పాలుకు సాగు చేసుకునే ఒక కుటుంబం. ఇంట్లో తిండి లేక తండ్రి మాంసం దొంగిలించి జైలు పాలవుతాడు. పెద్ద కొడుకు అతన్ని వెతుక్కుంటూ బయలుదేరతాడు. సౌండర్ అన్నది వాళ్ల కుక్క పేరు. సిసిలీ టైసన్, పాల్ విన్‌ఫీల్డ్ ఇద్దరూ ఆస్కార్‌కు నామినేట్ అయ్యారు. కరువొస్తే మూట కట్టుకుని వలస పోయిన పాలమూరు కూలీల ఇళ్లలో ఈ కథకు అనువాదం అక్కర్లేదు. డిస్నీ తన మొదటి నల్లజాతి రాకుమారి టియానాను 2009లో గానీ తెర మీదికి తేలేదు.

తెలుగు పల్లెలకు నల్ల నాయకులు చేరింది డబ్బింగ్ దారిన. 2018లో బ్లాక్ పాంథర్ తెలుగులో మాట్లాడింది. 2023లో స్పైడర్ మ్యాన్ ముసుగు వెనక నల్లజాతి కుర్రాడు మైల్స్ మొరాలెస్ తెలుగులో పలికాడు. అన్నిటికన్నా ఇంటింటికీ దగ్గరైంది మాత్రం సింహం, లయన్ కింగ్ సింబా. స్వాహిలీలో సింబా అంటే సింహమే. సంస్కృతంతో చుట్టరికం ఉందేమో అనిపించే పోలిక, నిజానికి లేదు. 2019 లయన్ కింగ్ తెలుగులో సింబాకు నాని, స్కార్‌కు జగపతిబాబు గొంతునిచ్చారు. పుంబాగా బ్రహ్మానందం, టిమోన్‌గా అలీ పలికేసరికి పిల్లలకు అది ఆఫ్రికా అడవి అన్న సంగతే గుర్తు లేకపోయింది. 2024లో ముఫాసా మహేశ్ బాబు గొంతుతో వచ్చాడు. ఇంగ్లిషులో అదే ముఫాసాకు తొలి గొంతు నల్లజాతి నటుడు జేమ్స్ ఎర్ల్ జోన్స్‌ది.

మనిషిని మనిషిగా చూపింది మాత్రం పొరుగున ఉన్న మలయాళం. 2018లో జకరియా తీసిన సుడానీ ఫ్రమ్ నైజీరియాలో సామ్యూల్ రాబిన్సన్ అనే నైజీరియా నటుడు మలప్పురం సెవెన్స్ ఫుట్‌బాల్ ఆడటానికి వచ్చిన ఆటగాడు. కాలు విరిగి మేనేజర్ ఇంట్లో మంచం పడితే, భాష రాని ఆ ఇంటి తల్లి, పక్కింటి ముసలమ్మ అతన్ని కన్నబిడ్డలా చూసుకుంటారు. పెద్ద కథేమీ లేదు. చిత్రం ఉత్తమ మలయాళ చిత్రంగా జాతీయ అవార్డు అందుకుంది. కర్ణాటక సిద్దీల మధ్యే తీసిన రిథమ్ ఆఫ్ దమ్మామ్ 2024లో వచ్చింది.

వనపర్తి కోటలో ఇప్పుడు ప్రభుత్వ పాలిటెక్నిక్ నడుస్తోంది. హబ్షీలను కొలువులో పెట్టుకున్న ఆ వంశపు చివరి రాజా రామేశ్వరరావు స్వతంత్ర భారత దౌత్యాధికారిగా ఆఫ్రికాలో పనిచేసి వచ్చి, మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు.