నక్కవాగు ఏ లెక్కలోకి వస్తుంది? మానవాభివృద్ధి కొలమానాలు – పటాన్‌చెరు అనుభవం

ఒక ప్రాంతం ఎంత ఎదిగిందో చెప్పడానికి 1990 నుంచి ప్రపంచమంతా వాడుతున్న కొలబద్ద మానవాభివృద్ధి సూచిక. ఆయుర్దాయం, చదువు, ఆదాయం – ఈ మూడింటినీ కలిపి ఒక్క అంకెగా చెబుతుంది. ఆర్థికవేత్తలు మహబూబ్ ఉల్ హక్ పూనికతో, అమర్త్యసేన్ తోడ్పాటుతో రూపొందిన ఈ సూచిక, జాతీయోత్పత్తే సర్వస్వమన్న భావనను బలంగా దెబ్బతీసింది. అయితే ఆదాయం పెరిగే క్రమంలోనే ఊరి నీళ్లు పాడైతే ఆ నష్టానికి ఇందులో గడి లేదు. ఈ లోటు ఎంతటిదో పరిశీలించడానికి హైదరాబాదుకు వాయవ్యాన ఉన్న పటాన్‌చెరును ఎంచుకున్నాను.

పటాన్‌చెరు ఎదుగుదల ఉత్త భూముల వ్యాపారం కాదు. 1970 నాటి పేటెంట్ల చట్టం మందుల విషయంలో తయారీ పద్ధతికే తప్ప మందుకు పేటెంటు లేకుండా చేసింది. అదే మందును వేరే పద్ధతిలో చవగ్గా చేసే దారి భారతీయ రసాయన శాస్త్రజ్ఞులకు దొరికింది. హైదరాబాదులోని ప్రభుత్వరంగ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పని నేర్చినవారిలో కొందరు సొంత కంపెనీలు పెట్టారు. 1970లలో మొదలైన పటాన్‌చెరు పారిశ్రామికవాడలో మందుల మూలపదార్థాలు చేసే బల్క్ డ్రగ్ యూనిట్లు బారులు తీరాయి. వాటి మూలంగా వేలమందికి జీతాలు వచ్చాయి, ఎన్నో దేశాల రోగులకు మందులు అందుబాటు ధరకు దొరికాయి. ఇది మానవాభివృద్ధి కాదనడం అన్యాయం.

ఆ మందుల తయారీలో మిగిలిన వ్యర్థజలాలు ఇసకవాగు, నక్కవాగుల గుండా మంజీర నదికి చేరాయి. వాగునీరు పారిన పొలాలు దెబ్బతిన్నాయి, బావులు తాగడానికి పనికిరాకుండా పోయాయి. మెట్ట పంటల పరిశోధనకు 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ కూడా ఈ పటాన్‌చెరులోనే ఉంది. వానాధార రైతు కోసం ప్రపంచస్థాయి పరిశోధన సాగుతున్న చోటికి దగ్గర్లోనే, ఉన్న నీళ్లు పోగొట్టుకున్న రైతులు ఉండటం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది.

నీటిలో ఏముందో 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞుల బృందం బయటపెట్టింది. సుమారు 90 మందుల యూనిట్ల నుంచి వచ్చే వ్యర్థజలాలను శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం నుంచి, శుద్ధి అయ్యాక బయటికి వస్తున్న నీటినే వారు పరీక్షించారు. అందులో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. కొన్నిరకాల బాక్టీరియాను చంపడానికి చాలినదానికి ఇది వెయ్యి రెట్ల పైమాట. 2009లో వెలువడిన మరో అధ్యయనం చుట్టుపక్కల చెరువుల్లో, ఊళ్ల బావుల్లో కూడా మందుల ఆనవాళ్లు చూపింది. ఇంత మోతాదులో యాంటీబయాటిక్ కలిసిన నీటిలో, మందును తట్టుకోగల సూక్ష్మజీవులే మిగిలి పెరుగుతాయి. రేపు ఏ ఆసుపత్రిలోనో మందు పనిచేయక రోగి ప్రాణం మీదికి వస్తే, దాని మూలం ఒక వాగులో ఉందని ఏ రికార్డూ చెప్పదు. చవక మందులతో పెరిగిన ఆయుర్దాయం సూచికలో కనిపిస్తుంది. ఆ మందుల శక్తినే హరిస్తున్న నీరు కనిపించదు.

తొలిదశలో కాలుష్యం పెరుగుతుంది, ఆదాయం ఒక స్థాయి దాటాక తగ్గుతుంది అనే వాదాన్ని ఆర్థికవేత్తలు ‘పర్యావరణ కుజ్నెట్స్ వక్రరేఖ’ పేరుతో చెబుతారు. పటాన్‌చెరు దీన్ని బలపరచదు. ఇక్కడ వచ్చిన కాస్త మార్పూ రాబడి పెరిగినందుకు వచ్చింది కాదు. 1990లో కాలుష్య వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కాకే రైతుకు పరిహారం, ఊళ్లకు మంచినీళ్లు అన్న మాటలు ఆదేశాల రూపం దాల్చాయి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 88 పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేస్తే, 70 దాటి ‘తీవ్ర కాలుష్య’ జాబితాకెక్కిన 43లో పటాన్‌చెరు–బొల్లారం ఒకటి.

ఈ కాలుష్యానికి వెతికిన పరిష్కారం మరింత ఆలోచించదగ్గది. శుద్ధిచేసిన వ్యర్థజలాలను 18 కిలోమీటర్ల పైపులైను ద్వారా నగర మురుగులో కలిపి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి మళ్లించారు. దాంతో మంజీర మీద భారం కొంత తగ్గి, ఆ మేరకు మూసీ నది మీద పడింది. మూసీ దిగువన నల్లగొండ వైపు ఆ నీటితోనే వరి పండించే రైతులున్నారు. ఏ పరీవాహక ప్రాంతం ఎవరి కష్టాన్ని మోస్తున్నదన్న లెక్క లేకుండా దీన్ని నివారణ అనలేం.

2020లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, భూగోళంపై పడే ఒత్తిడిని బట్టి సవరించిన సూచికను తెచ్చింది. తలసరి కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాలు, తలసరి ముడిపదార్థాల వినియోగం ఇందులో తగ్గింపులకు ఆధారం. రెండూ దేశస్థాయి సగటులే. భారతీయుల తలసరి ఉద్గారాలు తక్కువ కనుక ఈ సవరణలో మన స్థానం మెరుగుపడుతుంది. నక్కవాగు మాత్రం పాత సూచికలోనూ లేదు, కొత్తదానిలోనూ లేదు.

కాబట్టి సవరణ జిల్లా, వాగు స్థాయిలో మొదలుకావాలని నా ప్రతిపాదన. పారిశ్రామికవాడ ఉన్న ప్రతి మండలంలో తాగడానికి పనికిరాకుండా పోయిన బావులు, సాగు వదిలేసిన ఎకరాలు, బయటి నుంచి తెచ్చుకుంటున్న తాగునీరు – ఈ మూడింటినీ ఆదాయం పక్కనే ఏటా నమోదు చేయవచ్చు. పటాన్‌చెరు వరకు ఈ పనిని కోర్టు కాగితాల్లోని పరిహారం లెక్కలతో, భూగర్భజల శాఖ నీటి పరీక్షలతో మొదలుపెట్టవచ్చు.