ఫైల్ ఏదో బ్రౌజర్‌కు ఎట్ల తెలుస్తది? ఒక బోర్డు కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక చిన్న ప్రశ్న. ఒక లింక్ నొక్కితే ఫొటో అక్కడనే కనిపిస్తది. ఇంకో లింక్ నొక్కితే ఫైల్ డౌన్‌లోడ్ అవుతది. దేన్ని ఏం చేయాల్నో బ్రౌజర్‌కు ఎవరు చెప్తున్నరు? పేరు చివర ఉండే డాట్ పీడీఎఫ్, డాట్ జేపీజీ అని చాలామంది అనుకుంటరు. కానీ వెబ్‌లో అసలు లెక్క వేరే.

నల్గొండ బస్టాండ్‌కు పోయినం అనుకోండి. దేవరకొండ బస్సు, మిర్యాలగూడ బస్సు చూడటానికి ఒకే తీరుంటయి. మనం బోర్డు చూసి ఎక్కుతం. సర్వర్ కూడా ఫైల్‌ను పంపే ముందు ఇట్లాంటి బోర్డే పెడుతుంది. దాన్నే కంటెంట్ టైప్ అంటారు. "ఇది బొమ్మ", "ఇది పీడీఎఫ్" అని అందులో ఉంటుంది.

1991 నాటి తొలి వెబ్‌లో ఈ బోర్డు లేదు, ఎందుకంటే వచ్చేదంతా హెచ్‌టీఎంఎల్ పేజీలే. బోర్డు పుట్టింది ఈమెయిల్‌లో. మెయిల్‌లో ఫొటోలు, పాటలు, వేరే భాషల అక్షరాలు పంపడం కోసం 1992లో నథానియల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ కలిసి మైమ్ అనే పద్ధతి రాశారు. వెబ్ దాన్నే అరువు తెచ్చుకుంది. 1996లో వచ్చిన హెచ్‌టీటీపీ 1.0 పత్రంలో కంటెంట్ టైప్ ఉంది.

అయితే చాలా సర్వర్లు బోర్డులు తప్పు పెట్టేవి. అందుకని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఫైల్ మొదట్లోని 256 బైట్లు చదివి, అదేందో ఊహించేది. పీడీఎఫ్ మొదట్లో పర్సెంట్ గుర్తు, పక్కనే పీడీఎఫ్ అనే అక్షరాలు ఉంటయి. జేపీజీకి, పీఎన్‌జీకి కూడా ఇట్లాంటి గుర్తులున్నయి. ఊహతో పని నడిచింది, కానీ దొంగలకు కూడా దారి దొరికింది. ఫొటో అని చెప్పి లోపల కోడ్ దాచి అప్‌లోడ్ చేస్తే, బ్రౌజర్ దాన్ని పేజీ అనుకొని నడిపించేది. అందుకే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8 తయారయ్యేటప్పుడు, 2008లో, "నోస్నిఫ్" అనే ఆదేశం తెచ్చారు. అంటే, ఊహించకు, బోర్డునే నమ్ము అని.

బోర్డు ఒకటి, లోపల సరుకు ఇంకొకటి అనే కష్టం మన తెలుగు కూడా పడింది. పేజీలో ఏ అక్షరాలున్నయో కూడా ఆ బోర్డులోనే రాయొచ్చు. యూనికోడ్ 1991లోనే తెలుగుకు నంబర్లు ఇచ్చింది. కానీ విండోస్‌లో తెలుగు వచ్చింది 2001 నాటి ఎక్స్‌పీతోనే. అందుకే ఈనాడు లాంటి పత్రికలు తమ సొంత ఫాంట్లు వాడినయి. లోపలున్న నంబర్లు ఇంగ్లీషు, యూరప్ అక్షరాలవి, పైన కనిపించే బొమ్మ మాత్రం తెలుగు అక్షరానిది. ఎక్స్‌ప్లోరర్‌లో పేజీతోపాటే ఫాంటు దిగేది. ఫైర్‌ఫాక్స్‌లో ఆ సౌకర్యం లేక పిచ్చి గీతలు కనపడేవి. తెలుగులో టైప్ చేసి వెతికితే ఆ వార్తలు దొరికేవి కావు, ఎందుకంటే మెషీన్ లెక్కలో అది తెలుగే కాదు. అప్పుడు వెన్న నాగార్జున గారు "పద్మ" అనే ఎక్స్‌టెన్షన్ తయారుచేశారు. అది ఆ పేజీలను ఫైర్‌ఫాక్స్‌లోనే యూనికోడ్ తెలుగులోకి మార్చేది. తర్వాత పత్రికలే యూనికోడ్‌కు మారినయి.

మరి ఈ కథ ఇప్పుడెందుకు? నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో మన ఇండ్లల్ల అమ్మానాన్నల వాట్సాప్‌కు పెళ్లి పత్రిక, పీఎం కిసాన్, ఆర్టీఓ చలానా పేర్లతో ఫైళ్లు వస్తున్నయి. ఫోన్‌లోకి దిగిన ఫైల్‌కు సర్వర్ పెట్టిన బోర్డు ఉండదు. అక్కడ పేరులో అన్నిటికన్నా చివరి ముక్క చూడాలె. మధ్యలో పీడీఎఫ్ అని ఉన్నా, చివర ఏపీకే అని ఉంటే అది కాగితం కాదు, యాప్. నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే ఓటీపీలు చదివే దొంగ యాప్ కావచ్చు.

ఇంట్లో పెద్దలకు ఒక్క మాట చెప్పండి: నిజమైన పీడీఎఫ్, నిజమైన ఫొటో ఎన్నడూ "ఇన్‌స్టాల్ చేయాల్నా?" అని అడగవు. అడిగిందంటే అక్కడనే ఆగాలె. డబ్బులు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలె. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.