మాస్ ఎఫెక్ట్ 1 నుంచి 2: తుపాకీ పేల్చేది షెపర్డా, మనమా?

ఈరోజు పాత గొడవ ఒకటి తవ్వుదాం.

మాస్ ఎఫెక్ట్ మొదటి గేమ్ 2007 నవంబర్‌లో ఎక్స్‌బాక్స్ 360 మీద వచ్చింది. రెండోది 2010 జనవరిలో. రెండూ కెనడా స్టూడియో బయోవేర్ చేసినవే. హీరో అదే షెపర్డ్, మొదటి గేమ్ సేవ్ ఫైల్‌ని రెండోదాంట్లోకి తీసుకెళ్లొచ్చు కూడా. కానీ ఆడి చూస్తే రెండూ వేరే వేరే గేముల్లా ఉంటాయి. "రెండోది అసలు ఆర్పీజీయేనా?" అనే వాదన అప్పట్నుంచీ నడుస్తూనే ఉంది.

ఒక సీన్ చెప్తాను. మొదటి గేమ్ మొదలుపెట్టి గంట కూడా కాలేదు. స్నైపర్ రైఫిల్ తీసి శత్రువు తలకి గురిపెట్టారు. గురి అటూ ఇటూ ఊగిపోతోంది, నొక్కితే తూటా పక్కనుంచి పోయింది. కంట్రోలర్ పాడైందేమో అనిపిస్తుంది. అదేం కాదు, మీ షెపర్డ్‌కి స్నైపర్ ఇంకా రాదు, అంతే! ఆ విద్యలో పాయింట్లు పెడుతూ పోతే ఊగడం తగ్గుతుంది.

ఇది బయోవేర్‌కి పాత అలవాటు. 1998లో బాల్డర్స్ గేట్, 2003లో నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్ చేసినవాళ్లు వీళ్లే. వాటిలో మనం శత్రువుని చూపిస్తాం, దెబ్బ తగిలిందా లేదా అనేది లోపల పాచికలు తేలుస్తాయి. మాస్ ఎఫెక్ట్‌లో ట్రిగ్గర్ మన చేతికిచ్చారు కానీ, ఆ లెక్కల పద్ధతి పూర్తిగా వదల్లేదు.

ఇంక తుపాకుల సంగతి. ఈ ప్రపంచంలో తూటాలు అయిపోవు. లోపలున్న లోహపు ముక్క నుంచి చిన్న చిన్న రవ్వలు చెక్కి విసురుతుంది కాబట్టి, అడ్డు పడేది వేడి ఒక్కటే. ఎడాపెడా కాలిస్తే తుపాకీ వేడెక్కి కాసేపు పనిచేయదు. ఇది నాకు చాలా ఇష్టం. కథలో చెప్పిన సైన్సే ఆటలో రూల్ అయింది. కాకపోతే చివరికొచ్చేసరికి మంచి తుపాకీకి సరైన భాగాలు బిగిస్తే వేడెక్కడమే మానేస్తుంది, అది వేరే విషయం.

ఇన్వెంటరీ మాత్రం నరకమే. అదే తుపాకీ ఒకటో నంబర్ నుంచి పదో నంబర్ దాకా దొరుకుతూనే ఉంటుంది. 150 వస్తువులు దాటితే కొత్తగా దొరికినవి కరిగించి ఆమ్నీ జెల్ చేసుకోవాలి. దీన్ని సమర్థించేవాళ్లు మళ్లీ ఒకసారి ఆడి రండి, మాట్లాడుకుందాం.

రెండో గేమ్‌లో ఇన్వెంటరీ మొత్తం తీసేశారు. ఒక్కో రకం తుపాకీలో రెండు మూడే. లెవెల్ హద్దు 60 నుంచి 30కి దిగింది. ఒక శక్తి వాడితే అన్నీ కాసేపు ఆగుతాయి. మొదట్లో పెట్టె తాళం తీయాలంటే టీంలో ఎవరికో ఒకరికి తగినంత డిక్రిప్షన్ ఉండాలి, అందుకే టాలీని వెంటేసుకుని తిరిగేవాళ్లం. ఇప్పుడు చిన్న పజిల్ ఆడితే చాలు. గురి మనం ఎక్కడ పెడితే అక్కడే. 2010 గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో ఆ గేమ్ డిజైనర్ క్రిస్టినా నార్మన్ ఇచ్చిన టాక్ పేరే "నా ఇన్వెంటరీ ఎక్కడికి పోయింది?" అంటే ఈ ప్రశ్న వస్తుందని వాళ్లకి బాగానే తెలుసు.

గురి విషయంలో నేను రెండో గేమ్ వైపే. మన కన్ను, వేలు కరెక్ట్‌గా ఉన్నా తూటా తప్పితే అది మోసంలా అనిపిస్తుంది. కానీ పోయింది కూడా ఉందండి. మొదటి గేమ్‌లో ఇరవై గంటల తర్వాత అదే రైఫిల్ నిలకడగా నిలబడితే, షెపర్డ్ ఎదిగిన సంగతి మన చేతికే తెలుస్తుంది. రెండోదాంట్లో ఎదుగుదల ఎక్కువగా అంకెల్లోనే.

వేడి బదులు థర్మల్ క్లిప్పులు తేవడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పేరు ఏదైనా అవి తూటాలే కదా! రెండు గేములకీ మధ్య రెండేళ్లలో అందరూ వీటికి మారిపోయారని కథలో సర్దిచెప్పారు. మరి జేకబ్ మిషన్‌లో పదేళ్ల కిందట కూలిపోయి, బయటి ప్రపంచంతో సంబంధం లేని ఓడవాళ్ల దగ్గర అవే క్లిప్పులు ఎలా దొరుకుతాయి? రూల్ మార్చారు, కథ మార్చడం మర్చిపోయారు. కోడ్‌లో ఒక ఫంక్షన్ మార్చి, దాన్ని పిలిచే చోట్లన్నీ చూడకపోతే జరిగేది ఇదే.

2012లో మూడో గేమ్ కొంచెం వెనక్కి తగ్గింది. తుపాకీకి భాగాలు బిగించడం తిరిగొచ్చింది, బరువైన తుపాకులు మోస్తే శక్తులు ఆలస్యంగా తిరిగొస్తాయి. లెవెల్ హద్దు కూడా మళ్లీ 60.

2021 మేలో మూడింటినీ కలిపి లెజెండరీ ఎడిషన్ వచ్చింది కదా. అందులో మొదటి గేమ్ షూటింగ్‌ని సరిదిద్దారు, ఏ క్లాస్ అయినా ఏ తుపాకీతోనైనా సరిగ్గా కాల్చొచ్చు. అంటే గురి గొడవలో రెండో గేమ్ గెలిచినట్టే. కానీ థర్మల్ క్లిప్పులు మాత్రం అందులో పెట్టలేదు. వేడి మీటర్ అలాగే ఉంది, కాకపోతే తొందరగా చల్లారుతుంది.